తారల ఫొటోలతో బరువు తగ్గే మందుల అమ్మకం: అనంతపురం జిల్లా అధికారులకు ఒక ఫార్మసిస్టు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి, ఔషధ నియంత్రణ, ఆహార భద్రత విభాగాల అధికారులకు,

నమస్కారం.

నేను అనంతపురంలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. సినిమా తారల పేరు చెప్పి ఫోన్లలో అమ్ముతున్న బరువు తగ్గే పొడుల గురించి ఫిర్యాదు రాసుకుని ఇదివరకే తిరిగాను. ఒక కార్యాలయంలో "అది మందు కాదు, ఆహారం కింద వస్తుంది" అన్నారు. ఆహారం సంగతి చూసే చోట "ప్రకటన ఫోన్లో వచ్చింది కదా, సైబర్ వాళ్లకు ఇవ్వండి" అన్నారు. అక్కడికి పోతే "మీ డబ్బు ఏమైనా పోయిందా? పోకపోతే కేసు ఎట్లా పెడతారు?" అని అడిగారు. ఎవరూ మర్యాద తప్పి మాట్లాడలేదు. కూర్చోబెట్టే మాట్లాడారు. కానీ కాగితం తీసుకుని రసీదు ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే పదిమందీ చదివేలా ఇట్లా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఏ హీరో ఎన్ని కిలోలు తగ్గాడు, ఏ హీరోయిన్ ఏ ఇంజెక్షన్ వేయించుకుంది అన్నది ఈ లేఖకు అక్కర్లేదు. అది వాళ్ల ఒళ్లు, వాళ్ల డాక్టరు చూసుకునే సంగతి. లావుగా ఉన్నప్పుడు ఎగతాళి చేయడం, సన్నబడగానే ఏదో జబ్బంట అని పుకారు పుట్టించడం, రెండూ అన్యాయమే. నా ఫిర్యాదు వాళ్ల ఫొటో పెట్టి సరుకు అమ్ముతున్నవాళ్ల మీద.

ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో చెబుతాను. తార పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెడతారు. కింద "ఈ ఒక్క డ్రింకుతో నెలన్నరలో 18 కిలోలు" అని రాస్తారు. ఈమధ్య ఆ తారే తెలుగులో చెబుతున్నట్టు వీడియోలు కూడా తయారుచేస్తున్నారు. గొంతు అచ్చం అదే ఉంటుంది. వీడియో కింద నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే కాసేపటికే ఒకమ్మాయి ఫోన్ చేసి, ఎత్తెంత, బరువెంత, షుగర్ ఉందా, పిల్లలెంతమంది అని ఆప్యాయంగా అడుగుతుంది. డబ్బు ముందే అడగరు, పార్సిల్ చేతికొచ్చాక ఇస్తే చాలంటారు. జనం పడిపోయేది ఇక్కడే. మోసమైతే ముందే డబ్బులడిగేవాళ్లు కదా అనుకుంటారు.

అట్లా వచ్చిన ఒక డబ్బా తెచ్చి, మా షాపుకు ఎప్పుడూ వచ్చే ఒక అక్క కౌంటర్ మీద పెట్టింది. "అన్నా, ఇది తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చంట, నిజమేనా?" అని అడిగింది. డబ్బా తిప్పి చూశాను. ముందు వైపు సన్నటి నడుము బొమ్మ, పచ్చటి ఆకులు. వెనక వైపు ఇంగ్లిష్‌లో, కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టంగా కనపడే అక్షరాల్లో, ఇది మందు కాదనీ, ఏ జబ్బునూ నయం చేయడానికి కాదనీ ఉంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉంది. పదార్థాల జాబితాలో సునాముఖి ఉంది. సునాముఖి విరేచనాలకు వాడే ఆకు. రోజూ రెండు చెంచాలు తాగితే కడుపు ఖాళీ అవుతుంది, ఒంట్లో నీరు పోతుంది, తూకంలో కిలో, కిలోన్నర తగ్గినట్టు కనపడుతుంది. కొవ్వు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్ర ముందే వాడుతున్న మనిషైతే గుండె లయ తప్పే దాకా పోవచ్చు.

ఆ అక్క దగ్గరున్న వాట్సాప్ ఆడియోలో "షుగర్ మూలం నుంచి పోతుంది" అని ఉంది. డబ్బా మీద "ఇది మందు కాదు" అని ఉంది. ఎవరైనా అడిగితే వాళ్లు డబ్బా చూపిస్తారు. జనానికి మాత్రం ఆడియోనే పోతుంది. ఇక ఆ 14 అంకెలు చూసి ప్రభుత్వం ఒప్పుకున్న మందే అని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. అది ఆహార పదార్థం తయారుచేసి అమ్ముకోవడానికి ఇచ్చే లైసెన్సు. బరువు తగ్గుతారని ఎవరో పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

"పది రోజుల్లో పది కిలోలు" అనే ప్రకటన సంగతి చిన్న లెక్కతో తేలుతుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఇంటిపని, కొద్దిగా బయటిపని చేసే మనిషి రోజుకు 2,000 క్యాలరీలు ఖర్చు చేస్తుందనుకుందాం. పది రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా ఖర్చయ్యేది 20,000. అంటే మూడు కిలోల కొవ్వు కూడా కరగదు. అయితే సంగటి, అన్నం మానేసిన మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గడం నిజమే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం, దాన్ని పట్టుకున్న నీరు పోవడం వల్ల తూకం దిగుతుంది. మామూలుగా తినగానే తిరిగొస్తుంది. కానీ ఆ మొదటి వారం తూకం చూసే జనం రెండో డబ్బాకు, మూడో డబ్బాకు డబ్బు కడుతున్నారు.

ఇట్లాంటి మాటలు ఎంత పెద్దవాళ్ల నోట వచ్చినా నమ్మడానికి లేదని అమెరికాలో ఎప్పుడో తేలింది. మన దగ్గర ఇప్పటికీ అమ్ముడవుతున్న గ్రీన్ కాఫీ పొడినే తీసుకోండి. అక్కడ టీవీలో ఆరోగ్య కార్యక్రమం నడిపిన డాక్టర్ ఓజ్ దాన్ని ఆకాశానికెత్తారు. 2014 జూన్‌లో సెనేట్ కమిటీ ఆయన్ని పిలిపించి, ఇట్లాంటి మాటలు ఎందుకు చెప్పారని క్లెయిర్ మెకాస్కిల్ అనే సెనేటర్ నిలదీశారు. ఆ పొడికి ఆధారంగా చూపించిన అధ్యయనం జరిగింది మన దేశంలోనే, అదీ 16 మంది మీద. అందులో అంకెలు మార్చారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించడంతో, ఆ అధ్యయనం చేయించిన కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఆ పరిశోధనా వ్యాసాన్ని రచయితలే వెనక్కి తీసుకున్నారు. పదేళ్లు దాటిపోయింది. అయినా అదే పొడిని కొత్త ముఖాలతో మన జిల్లాలో అమ్ముతున్నారు.

గాయని అడెల్ 2020లో సన్నబడిన ఫొటో పెట్టగానే ఫలానా సర్ట్‌ఫుడ్ డైట్ వల్లే అని ప్రపంచమంతా రాశారు. అసలు ఆ డైట్ తాను చేయనే లేదని, వ్యాయామం వల్ల తగ్గానని 2021లో ఆమే చెప్పింది. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే పేరుతో బరువు తగ్గే గమ్మీలు (నమిలే మిఠాయిల్లాంటివి) అమ్మితే, వాటితో తనకు ఏ సంబంధమూ లేదని ఆమే వీడియో పెట్టాల్సి వచ్చింది. బరువు విషయంలో డాక్టరు రాసిన మందు వాడుతున్నానని 2023 డిసెంబరులో ఆమె బహిరంగంగా ఒప్పుకుంది. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. అంత సంపద, వంటవాళ్లు, ట్రైనర్లు ఉన్న మనిషికే డాక్టరు, మందు అవసరమైతే, కొరియర్‌లో వచ్చే పొడితో అంతా అయిపోతుందని కూలికిపోయే అమ్మకు చెప్పడం ఎంత దారుణమో ఆలోచించండి.

ఇప్పుడు జనం అడుగుతున్నది పొడి ఒక్కటే కాదు. "అన్నా, హీరోలు వేసుకునే సన్నగయ్యే సూది ఉందా?" అని వస్తున్నారు. ఆ సూదుల్లో మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చింది. ఇవి నిజంగా పనిచేసే మందులే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి కూడా. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, 68 వారాలు వాడినవాళ్లు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. 80 కిలోల మనిషి 12 కిలోలు తగ్గడానికి దాదాపు 16 నెలలు పట్టిందన్నమాట. అది కూడా తిండి, వ్యాయామం మీద సలహాలు పాటిస్తూ. మందు మానేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. వాంతులు, మలబద్ధకం మామూలు. కొందరికి పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు కూడా రావచ్చు. గర్భం దాల్చాలనుకునేవాళ్లు వాడకూడదు. ఇవేవీ ఆ వీడియోల్లో ఉండవు.

వీటివల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం, నాకు రోజూ కౌంటర్ దగ్గర కనపడుతున్నది:

1. ఉన్న మందులు మానేస్తున్నారు. అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది ఇదే. నెలనెలా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర తీసుకుపోయే మనిషి రెండు మూడు నెలలు కనపడకపోతే ఊరికి పోయిందేమో అనుకుంటాం. కూలిపనికి పోయే ఒక అమ్మ అట్లాగే కనపడకుండా పోయి, కాలి పుండుతో వచ్చింది. పొడి తాగుతున్నన్నాళ్లూ ఇంగ్లిష్ మందు ముట్టొద్దని ఫోన్లో చెప్పారట. షుగర్ చూస్తే 400 దాటింది. పెద్దాసుపత్రికి పంపాను, ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. ఆమె ఎవరి మీదా కేసు పెట్టలేదు, పెట్టాలని ఆమెకు తెలియదు కూడా. వేలు పోయింది షుగర్ వల్లే అని ఇంట్లోవాళ్లందరూ నమ్ముతున్నారు. పొడి అమ్మినవాళ్లు ఏ కాగితంలోనూ లేరు.

2. కాలేజీ ఆడపిల్లలు, పెళ్లి కుదిరిన పిల్లలు తిండి మానేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువ. అదే సర్వేలో 36 శాతం మందికి ఉండాల్సినదానికంటే బరువు ఎక్కువ. రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. అట్లాంటి ఒంటికి విరేచనాల పొడి పోస్తే కళ్లు తిరిగి పడిపోక ఏమవుతుంది?

3. డబ్బు. మౌంజారో వచ్చినప్పుడు అన్నిటికంటే చిన్న డోసే వారానికి 3,500 రూపాయలు. అది కొనలేనివాళ్లు "అదే పనిచేసే ఆయుర్వేద సూది చుక్కలు" అని వాట్సాప్‌లో అమ్మేదాని వైపు పోతున్నారు. డ్వాక్రా అప్పు తెచ్చి మూడు డబ్బాల కోర్సు కట్టినవాళ్లున్నారు.

4. నకిలీ సూదులు. సెమాగ్లుటైడే ఉండే షుగర్ సూది ఓజెంపిక్‌కు నకిలీ తిరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరిక ఇచ్చింది. అసలుదైనా, వాడకం మొదలుపెట్టే దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. మే నెలలో మన అనంతపురంలో 40 డిగ్రీలు దాటే ఎండలో, మామూలు అట్టపెట్టెలో, కొరియర్ బండి మీద తిరిగి వచ్చే సూదిలో మందు ఏ గతి పట్టి ఉంటుందో చెప్పక్కర్లేదు.

5. థైరాయిడ్ లేనివాళ్లు బరువు కోసం థైరాయిడ్ మాత్రలు అడుగుతున్నారు. మేం ఇవ్వకపోతే ఇంకో షాపుకు పోతున్నారు.

సన్నబడాలన్న ఈ ఆరాటం ఎంత దూరం పోతుందో తెలియనిది కాదు. కన్నడ టీవీ నటి చేతనా రాజ్ 21 ఏళ్ల వయసులో, 2022 మేలో బెంగళూరులో కొవ్వు తీసే సర్జరీ తర్వాత చనిపోయింది. మన తెలుగువాళ్లందరూ అభిమానించిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న 31 ఏళ్లకే పోయింది, అంతకు కొద్ది వారాల ముందే లైపోసక్షన్ అనే అట్లాంటి కొవ్వు తీసే సర్జరీ చేయించుకుంది. సన్నగా ఉంటే తప్ప అవకాశాలు రావనే ఒత్తిడి వాళ్లను ఎంత నలిపిందో మనకు తెలియదు. అదే ఒత్తిడిని ఇప్పుడు సరుకుగా మార్చి మన ఊళ్లలో ఆడపిల్లలకు అమ్ముతున్నారు.

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల పట్టికలో ఊబకాయాన్నీ, షుగర్‌నూ పేరుపెట్టి చేర్చింది. జబ్బు నయం చేయడానికని చెప్పి అమ్మే పదార్థం ఆ చట్టం దృష్టిలో మందే. కాబట్టి డబ్బా మీద ఆహారం అని రాసుకున్నంత మాత్రాన తప్పించుకోవడం కుదరదు. ఆహారం అనే ఒప్పుకున్నా, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ ఇంకా ముందుకు పోయి, ప్రచారం చేసిన వ్యక్తికి కూడా 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చంటుంది. ఏడాది పాటు ఏ ప్రకటనలోనూ కనపడకుండా ఆపొచ్చు కూడా. ప్రచారం చేసే సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కూడా సమాన బాధ్యులే అని 2024 మే 7న సుప్రీంకోర్టు చెప్పింది.

కలెక్టర్ గారూ, అసలు విషయం ఇది. అదే 2019 చట్టం 16వ సెక్షన్, తప్పుడు ప్రకటనల మీద మీ జిల్లా పరిధిలో విచారణ చేసి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారాన్ని నేరుగా మీకు ఇచ్చింది. అట్లాంటి ఫిర్యాదును రాతపూర్వకంగా కానీ ఆన్‌లైన్‌లో కానీ కలెక్టరుకే ఇవ్వొచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. ఇది మందా, ఆహారమా, సైబర్ నేరమా అని తేల్చాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుడిది కాదు. ఆ తేలని ప్రశ్న మధ్యలోనే ఇన్నాళ్లూ ఈ వ్యాపారం బతికింది.

అందుకే మా డిమాండ్లు:

1. 16వ సెక్షన్ కింద విచారణ మొదలుపెట్టండి. జిల్లాలోకి వచ్చే ఈ పొడులు, చుక్కలు, సూదుల ప్రకటనలను అందులో చేర్చండి.

2. మందుల తనిఖీ అధికారి, ఆహార భద్రత అధికారి, సైబర్ పోలీసు కలిసి కూర్చునే ఒకే చోట ఫిర్యాదులు తీసుకోండి. ఎవరి పరిధి అన్నది లోపల మీరు తేల్చుకోండి. వచ్చినవాళ్లకు రసీదు ఇచ్చి పంపండి.

3. కొరియర్ డిపోల నుంచి, నగరంలోని "వెల్‌నెస్ సెంటర్ల" నుంచి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపండి. ముఖ్యంగా సిబ్యుట్రమిన్ ఉందేమో చూడండి. గుండెకు ప్రమాదమని 2011లో మన దేశంలో నిషేధించిన మందు అది. మూలికలని చెప్పి అమ్మే బరువు తగ్గే సరుకులో దాన్ని కలుపుతున్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు పట్టుకుంది. ఫలితాలు పత్రికలకు ఇవ్వండి, పేర్లతో సహా.

4. చీటీ లేకుండా ఈ సూదులు, థైరాయిడ్ మాత్రలు అమ్మే మందుల షాపుల మీద చర్య తీసుకోండి. నేను కూడా అదే వృత్తిలో ఉన్నాను. మా షాపునూ తనిఖీ చేయండి.

5. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఒక్క పేజీ తెలుగు కాగితం ఇవ్వండి. షుగర్, బీపీ మాత్రలు ఎవరి మాటా విని మానొద్దని, లైసెన్సు నంబరు ఉన్నంత మాత్రాన మందు కాదని, ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చని అందులో ఉంటే చాలు. ఖర్చు పెద్దగా ఉండదు.

తెలుగులో ఆరోగ్య వీడియోలు, సినిమా కబుర్లు నడిపే మిత్రులకు కూడా ఒక మాట. "ఈ హీరోయిన్ ఏం తాగి సన్నబడిందో తెలిస్తే షాకవుతారు" అని మీరు పెట్టే శీర్షిక కిందే ఆ పొడుల ప్రకటన వస్తోంది. ఆరోగ్యం గురించి మాట్లాడే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హత ఏమిటో చెప్పాలని, ఇది డాక్టరు సలహాకు బదులు కాదని స్పష్టంగా వేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకుని చెబుతుంటే ఆ సంగతి తెరమీద తెలుగులో పెద్ద అక్షరాల్లో వేయండి. తారలను కోరేది ఇంకా చిన్నది. మీ ముఖంతో నకిలీ వీడియో వస్తే అది మీది కాదని తెలుగులోనే ఒక్క నిమిషం వీడియో పెట్టండి. ఇంగ్లిష్ ప్రకటన మా జనం దాకా రాదు. మీరు చెబితే వింటారు, మేం ఎంత చెప్పినా అంత వినరు.

డబ్బాల ఫొటోలు, వాట్సాప్ ఆడియోలు, పార్సిల్ మీది చిరునామాలు జత చేసి ఈ లేఖనే సోమవారం అర్జీల కార్యక్రమంలో అందజేస్తున్నాను. బాధితుల పేర్లు వాళ్ల అనుమతి ఉంటేనే, విచారణ అధికారికి మాత్రమే ఇస్తాను. రసీదు ఇప్పించండి. 16వ సెక్షన్ కింద విచారణ మొదలైందో లేదో, లేకపోతే ఎందుకు కాలేదో, రాతపూర్వకంగా తెలియజేయండి.

భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు
అనంతపురం